చలికి మోగే గేటు

"లేస్తావా, లెయ్యవా?"

"లెయ్యను."

"నా మాట వినవే తల్లీ. లోపలి గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, ఆ స్వెట్టరూ ఆ కోటూ విప్పి చూపిస్తే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా? చూసేది నేనేగా, పరాయిదాన్నా?"

"ఏం చూపించాలి?"

"ఒంటిమీద ఏమీ దాచుకోలేదని."

"లేదని నోటితో చెప్తున్నాగా."

"నువ్వు చెప్తే నేను నమ్ముతా. గేటు నమ్మద్దూ?"

"అయితే ముందు గేటు విప్పించి చూడండక్కా, దాని కడుపులో ఏముందో. నా సంగతి ఆ తర్వాత."

తాళాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు వచ్చిపోయే పక్కగేటు గది అది. పెద్దావిడ అక్కడ గార్డు, చిన్నావిడ లోపల డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేస్తుంది. ఇద్దరూ ఒకే ఇంటి తోటికోడళ్లు. వాళ్ల మధ్య తలుపుల్లేని ద్వారబంధంలా మెటల్ డిటెక్టర్ నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనానికి బయటికి వస్తున్న చిన్నావిడను చూసి అది మోగింది. ఆమె అక్కడే ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. నిజం ఎటుందో ఇంకా తేలలేదు గాని, మొండితనం ఎటుందో మాత్రం తేలిపోయింది.

"సాయంత్రం మా మరిది వచ్చి, నా పెళ్లాం ఏదీ అనడిగితే ఏం చెప్పను?"

"మీ మరిదికి చెప్పండి, నీ పెళ్లాం దొంగ కాదు, అందుకే ఆలస్యమవుతోందని."

"దొంగ అని ఎవరన్నారే?"

"మేనేజరన్నాడు. క్యాంటీన్‌కి వెళ్లేవాళ్లందరూ వింటుండగా అన్నాడు. చలి మొదలైన దగ్గర్నుంచీ సరుకు తగ్గుతోందట. చలి మొదలైన దగ్గర్నుంచే గేటు నన్ను చూసి మోగుతోందట. రెండూ కలిపి నా నెత్తిన పెట్టాడు."

"ఆ తర్వాత ఏమన్నాడో అదీ విన్నావా?"

"విన్నా. షిఫ్టు అయ్యేలోపు సోదాకి ఒప్పుకోకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు. ఊరికే పంపించడట, దొంగతనం చేసి దొరికిందని రాసి పంపిస్తాడట. ఆ పేరు మోసుకుని ఇంక ఏ ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కుతాను నేను?"

"అందుకేగా మొత్తుకుంటున్నా, చూపించెయ్యవే అని!"

"చూపిస్తే ఏమవుతుంది? ఇవాళ స్వెట్టర్ తీస్తా. రేపు మళ్లీ మోగుతుంది. రేపు ఏం తియ్యమంటారు? ఎల్లుండి? తప్పు గేటుదైతే బట్టలు నేను విప్పాలా? ఈ చలికి ఇది అందరికీ మోగుతోంది. నిన్న క్యాంటీన్ ఆవిడకి మోగలేదూ? అసలు ఎవ్వరూ లేకుండానే మోగి, మీరు ఉలిక్కిపడి ఒళ్లంతా టీ ఒలకబోసుకోలేదూ?"

"అందరికీ మోగుతుంది, నిజమే. వెనక్కి పంపించి మళ్లీ రమ్మంటే వాళ్లకి ఊరుకుంటుంది. నీకే..."

"నాకే?"

"ఏం లేదులే."

"చెప్పండక్కా. నాకే?"

"నీకు ఎన్నిసార్లు తిప్పినా ఊరుకోదు."

"నేనంటే దానికి అంత ప్రేమ."

"వేళాకోళాలు చాలించు. ఇన్నాళ్లూ మా తోటికోడలివని పైపైన తడిమి పంపించేశా. ఇవాళ ఆయన నా వెనకే నిలబడి అంతా చూశాడు. నీ ఉద్యోగంతో పాటు నా ఉద్యోగానికీ ఎసరు పెట్టావ్."

"నేను పెట్టానా? గేటు పెట్టింది. మెకానిక్‌కి ఫోన్ చేశారా, లేదా?"

"చేశానే, చేశాను. నీ పోరు పడలేక చేశాను. అదుగో, వచ్చేశాడు."

"ఎవరమ్మా ఫోన్ చేసింది? గేటుకి పిచ్చెక్కింది, వెంటనే రావాలన్నారు."

"నేనే మెకానిక్ గారూ. లోపలికి రండి, తలుపు మూసెయ్యండి, చలి కొరికేస్తోంది."

"కొరకదామ్మా మరి, గది సగం తెరిచే ఉందిగా. ఎవరీ అమ్మాయి, పెళ్లి పీటల మీద కూర్చున్నట్టు కూర్చుంది?"

"మా తోటికోడలు. గేటు మోగితే సోదాకి రానని భీష్మించుకుంది."

"బాబాయ్, నా మాట వినండి. చలికి ఈ గేటు మతి తప్పింది. ఆ సంగతి తేల్చి మేనేజరుకి మీ నోటితో చెప్పండి. చెప్పేదాకా నేనీ కుర్చీలోంచి కదలను."

"కూర్చో తల్లీ, కూర్చో. గేటు బాగుచేసేటప్పుడు అటూ ఇటూ తిరిగేవాళ్లకంటే కూర్చున్నవాళ్లే నయం. గార్డమ్మా, ఈ రోగం ఎప్పుడు మొదలైంది?"

"చలితో పాటే."

"పొద్దున్న ఎక్కువా, మధ్యాహ్నం ఎక్కువా?"

"పొద్దున్నే ఎక్కువ. గాలి వీచిన రోజు మరీ ఎక్కువ."

"రాత్రిపూట దీన్ని ఆపేస్తారా?"

"లేదండీ."

"లేదా?"

"అంటే... ఆపేస్తాం. రాత్రి ఎవరూ తిరగరు కదండీ, ఊరికే కరెంటు ఎందుకని."

"మళ్లీ ఎప్పుడు వేస్తారు?"

"పొద్దున్నే."

"పొద్దున్నే అంటే?"

"మొదటి ఆవిడ గుమ్మంలోకి వచ్చాక."

"బాగుంది! నిద్ర లేపుతూనే పని చెప్తే మనిషైనా తిక్కతిక్కగానే చేస్తాడమ్మా. రాత్రంతా చలికి గడ్డకట్టి ఉంటుందా, వెయ్యగానే దాని లెక్క దానికే కుదరదు. కాసేపు ఊరికే వదిలెయ్యాలి. వెచ్చబడ్డాక మనుషుల్ని పంపాలి."

"విన్నారా అక్కా? మొదటి తప్పు."

"తప్పులు లెక్కపెట్టకు. పొద్దుట్నుంచీ వేసే ఉందిగా మెకానిక్ గారూ? దీనికి మోగింది మధ్యాహ్నం. అప్పటికీ వెచ్చబడలేదంటారా?"

"అదీ నిజమే. ఆ స్టూలు ఇలా ఇవ్వండి, పై పెట్టె విప్పి చూస్తా. ఓయబ్బో! ఇదేంటమ్మా, లోపలంతా చెమటలు పట్టింది?"

"యంత్రానికి చెమటేంటండీ?"

"చెమట కాదు, తేమ. చలికి బయట నీళ్లు పేరుకుంటే అర్థముంది, మూసిన పెట్టెలోకి ఇంత ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ నీళ్లేమైనా కాస్తారా?"

"కాయమండీ."

"కిటికీ గట్టు మీద ఆ గుడ్డ కప్పింది ఏంటి?"

"ఏది? ఓ, అదా... కెటిలు."

"ఖాళీదా?"

"టీ కోసమండీ. పొద్దున్నే వచ్చేవాళ్లకి చేతులు కొంకర్లు పోయి ఉంటాయి. తలా ఒక గుక్క ఇస్తాను. కంపెనీకి తెలీదు, మీరు పైకి అనకండి."

"కెటిల్లోంచి ఆవిరి ఎటు పోతుంది?"

"పైకి."

"పైన ఏముంది?"

"పెట్టె."

"ఇంకేం? యంత్రానికి కూడా రోజూ టీ పోస్తున్నారన్నమాట!"

"రెండో తప్పు. నేను లెక్కపెట్టడం లేదు అక్కా, మీరే లెక్కపెట్టుకోండి."

"నువ్వు నోర్ముయ్యవే. ఆ టీ తాగేవాళ్లలో ముందు చెయ్యి చాపేది నువ్వే."

"దెబ్బలాట తర్వాత. గార్డమ్మా, ఆ కెటిలు ఆ చివరికి మార్చండి. అమ్మాయ్, ఆ పొడిగుడ్డ ఇలా అందుకో. వైర్ల చివర్లు కూడా తుడుస్తా, కాస్త ఆకుపచ్చగా తిరిగాయి. ఆఁ, మూత పెట్టేశా. ఇప్పుడు నేను నడుస్తాను. సామాను ఈ బల్ల మీద పెడుతున్నా. స్క్రూడ్రైవర్లు, తాళంచెవులు, ఉంగరం, ఫోను. బెల్టూ తీసెయ్యాలి."

"బెల్టు తీస్తే ప్యాంటు ఆగుతుందా బాబాయ్?"

"ఒక చెయ్యి దానికే కేటాయిస్తాలే. నడుస్తున్నా. చూడండి... మోగిందా?"

"లేదు!"

"మళ్లీ వస్తున్నా. మోగిందా?"

"లేదండీ. అమ్మయ్య, బాగైపోయింది!"

"అప్పుడే సంబరపడకండి... అదిగో!"

"అయ్యబాబోయ్, మోగింది! గేట్లో ఎవరూ లేరుగా!"

"కదలకండి. ఎవరూ కదలకండి. గార్డమ్మా, మోగినప్పుడు ఇంకేం వినపడింది?"

"ఏం వినపడలేదు. నా గుండె దడ తప్ప."

"గాలి వీచింది బాబాయ్. షట్టర్ గలగలలాడింది."

"శభాష్. ఆ షట్టర్ ఎండాకాలంలో ఎక్కడుంటుంది?"

"పైన, చుట్టేసి ఉంటుందండీ."

"మరిప్పుడు సగానికి వేలాడుతోందేం?"

"నేనే దించాను. చలిగాలి నేరుగా కాళ్ల మీద కొడుతోంది. మొత్తం దించితే మనుషులు వంగి రావాలి కదా అని సగంలో ఆపాను."

"అంత ఇనుప రేకు గేటు పక్కనే ఊగుతూ ఉంటే ఇది మోగక ఏం చేస్తుందమ్మా? ఇనుము కదిలితే మోగడమే దాని ఉద్యోగం. చలికి వణుకుతోంది మీ షట్టరు, తిట్లు తింటోంది నా యంత్రం."

"చూశారా అక్కా! అందుకే గాలి రోజున క్యాంటీన్ ఆవిడకీ మోగింది, ఊరికేనూ మోగింది. నేను చెప్పలేదూ?"

"చెప్పావులే. ఇప్పుడేం చెయ్యాలి మెకానిక్ గారూ, ఎత్తెయ్యమంటారా?"

"ఎత్తితే మీరు గడ్డకట్టిపోతారు. మొత్తం దించి, కింద కొక్కేనికి తాళం వెయ్యండి. ఆ పక్క చిన్న తలుపులోంచి మనుషుల్ని వదలండి. కదలకపోతే దానికి బాధ లేదు. ఏదీ, తాళం?"

"తాళం లేదండీ."

"తాళాల ఫ్యాక్టరీలో తాళం లేదా?"

"మాకివ్వరు. ఇంటికి పట్టుకెళ్లిపోతామని."

"మీ కంపెనీకో దండం తల్లీ. తాడైనా ఉందా? ఆ, అది చాలు. గట్టిగా లాగి కట్టండి. ఇప్పుడు నేను షట్టర్ని గుద్దుతా. మోగిందా?"

"ఊహూఁ."

"గార్డమ్మా, మీరు నడవండి. ఆ విజిల్ తీసి పెట్టండి. అటు... ఇటు... ఇంకోసారి. నేనూ నడుస్తా, ప్యాంటు పట్టుకునే. ఏం, ఒక్క కూతైనా ఉందా?"

"చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదండీ. మీ చేతిలో మహత్యం ఉంది."

"నా చేతిలో కాదు, మీ తాట్లో ఉంది. అమ్మాయ్, నీ పంతం నెగ్గింది. ఇక లేవచ్చు."

"ఊరికే లెయ్యను బాబాయ్. మేనేజరు ఇక్కడికి రావాలి. ఎంతమంది వినగా నన్ను దొంగన్నాడో అంతమంది వినగా, తప్పు గేటుదని ఒప్పుకోవాలి. మా అక్క చేసిన తప్పులు ఆయనకి చెప్పక్కర్లేదు, అవి ఇంట్లో తేల్చుకుంటాం."

"ఏమిటే తేల్చుకునేది?"

"పొద్దున్నే కాస్త ముందొచ్చి గేటు వెయ్యడం. అంతే కదా. నేనొచ్చి వేస్తాలెండి. షట్టరు సంగతి కూడా మనకి తెలుసు, ఆయనకెందుకు?"

"నా తల్లే. మధ్యాహ్నం నుంచీ నా ప్రాణం తోడేసి ఇప్పుడు ముద్దుమాటలు."

"సరే, మేనేజరొచ్చే ముందు నువ్వూ ఒకసారి నడిచి చూపించు తల్లీ. ఆయన ముందు నాకు మాట పోకూడదు."

"ఒకసారేంటి బాబాయ్, ఊరేగింపుగా నడుస్తా. ఇదిగో, తల పిన్నులు కూడా బల్ల మీద పెట్టేశా. ఇదిగో వస్తున్నా..."

గేటు మోగింది.

"గాలి! గాలి వీచింది కదా బాబాయ్?"

"లేదమ్మా. షట్టరు కదల్లేదు."

"మళ్లీ వస్తా. కాలు తగిలి ఉంటుంది... ఛ! మళ్లీనా? ఇటునుంచి వస్తా. నిదానంగా వస్తా... ఏంటిది? ఏమైంది దీనికి?"

"దీనికేమీ కాలేదు తల్లీ."

"అంటే?"

"ఆగవే, నేనడుగుతా. ఇటు చూడు. నా కళ్లలోకి చూడు. ఏం పెట్టావే?"

"అక్కా!"

"ఏం పెట్టావో చెప్పెయ్. ఆయన వచ్చేలోపు ఎక్కడ తీశావో అక్కడ పడేసి వస్తాను. ఎవరికీ తెలీదు. ఇంట్లో కూడా చెప్పను. నీ పిల్ల మీద ఒట్టు."

"నా పిల్ల మీద ఒట్టేసి నేను చెప్తున్నా, ఏమీ లేదు!"

"గార్డమ్మా, ఒక్క మాట. గేటు అంచున వరసగా దీపాలున్నాయి చూడండి. వస్తువు ఏ ఎత్తున ఉంటే ఆ దీపం వెలుగుతుంది. షట్టరుకి కిందా మీదా ఎక్కడంటే అక్కడ వెలిగాయి. ఈ అమ్మాయికి మాత్రం ఒక్కచోటే వెలుగుతోంది, భుజం ఎత్తున. ఇన్నాళ్లూ కూడా అక్కడేనా?"

"నేను చూళ్లేదండీ."

"రోజూ ఇక్కడే నిలబడతారు. చూడలేదా?"

"చూశాను."

"అక్కడేనా?"

"అక్కడే. రోజూ అక్కడే."

"మరి పైపైన తడిమి ఎందుకు పంపించేశారు?"

"భయమేసి. గట్టిగా తడిమితే ఏం చేతికి తగులుతుందోనని."

"అంటే... ఇన్నాళ్లూ నన్ను దొంగననుకుంటున్నారా అక్కా?"

"లేదే."

"అనుకోకపోతే భయమెందుకు?"

"నాకు తెలీదు. నన్నడక్కు."

"ఒకే కంచంలో కలిపి తిన్నంత చనువుగా ఉన్నాం కదా మనం. పక్కపక్క గదుల్లో పడుకుంటాం. నా పిల్లకి జ్వరమొస్తే నాకంటే ముందు మీరు లేస్తారు. అలాంటిది, రోజూ నన్ను తడుముతూ మనసులో దొంగ, దొంగ అనుకున్నారా?"

"అనుకోకూడదనే తడమలేదే పిచ్చిదానా!"

"సరే. ఇప్పుడు విప్పుతా. లోపలి గదీ వద్దు, గడియా వద్దు. మేనేజరుకి భయపడి కాదు, మీ కోసం విప్పుతున్నా. ఇదిగో స్వెట్టరు. దులిపి చూసుకోండి. ఇదిగో కోటు. జేబులు తిరగేశా. ఇవిగో బూట్లు."

"అమ్మాయ్, నేను గోడవైపు తిరుగుతానుండు."

"తిరగక్కర్లేదు బాబాయ్, లోపల చొక్కా ఉంది, పరువూ ఉంది. మీరు దీపాలే చూడండి. వస్తున్నా..."

"మోగింది."

"ఎక్కడ?"

"అక్కడే."

"స్వెట్టరు బల్ల మీద ఉంది. కోటు బల్ల మీద ఉంది. ఇంకేం ఉంది బాబాయ్ నా దగ్గర?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. గార్డమ్మా, చేతి డిటెక్టరు ఉంటుంది కదా, కర్రలాంటిది?"

"సొరుగులో ఉంది, కానీ చలికి అదీ పలకడం లేదండీ."

"బ్యాటరీలు చలికి నీరసపడి ఉంటాయి. తీసి చంకలో పెట్టుకోండి. కాసేపు వెచ్చబడితే లేస్తాయి. పిల్లని పొదువుకున్నట్టు పొదువుకోండి."

"ఇలా ఇవ్వండక్కా, నేను పెట్టుకుంటా."

"నీ దగ్గర స్వెట్టరు కూడా లేదు. నా చంకలోనే ఉండనీ. ముందు ఆ కోటు వేసుకో, వణుకుతున్నావ్."

"వేసుకోను. కోటులో దాచానంటారు."

"అనను. ఇంకెప్పుడూ అనను. భుజాన కప్పుకో చాలు... ఇదిగో మెకానిక్ గారూ, వెచ్చబడ్డాయి."

"ఆ, పలికింది. ముందు బల్ల మీది కోటు మీద... ఓ, కప్పుకుందా? తీయమ్మా ఒక్కసారి. కోటు మీద ఏమీ లేదు. స్వెట్టరు మీద ఏమీ లేదు. ఇప్పుడు గార్డమ్మా, మీరే పట్టుకుని ఆమె ఒంటి మీద తిప్పండి. తల. మెడ. కుడి భుజం..."

"ఏం లేదు. ఏం లేదు."

"ఎడమ భుజం."

"మోగింది!"

"చొక్కా చేతిని పైకి మడవండి. ఇంకా పైకి. గుడ్డ లేకుండా, ఒట్టి చర్మం మీద పెట్టండి."

"మోగుతోందండీ. చర్మం మీదే మోగుతోంది. ఏంటండీ ఇది?"

"ఈ మచ్చ ఏంటమ్మా?"

"అదా? డ్రిల్లు విరిగినప్పుడు గీరుకుంది."

"ఎప్పుడు?"

"చలి మొదలయ్యే ముందు. మిషన్ బిగుసుకుని డ్రిల్లు పుటుక్కుమంది. ముల్లు గుచ్చుకున్నట్టు అనిపించింది, చొక్కా రక్తమైంది. అంతే."

"విరిగిన ముక్క దొరికిందా?"

"దొరకలేదు. సూపర్‌వైజరు నేలంతా అయస్కాంతం పెట్టి వెతికించాడు. నేనే చెత్తలో ఊడ్చేశానని నాలుగు తిట్టాడు."

"మరి డాక్టరు?"

"కంపెనీ డాక్టరు చూశాడు. పైన గీరుకుందంతే అని పట్టీ వేశాడు. లోపల సలుపుతోంది, ఎక్స్‌రే తియ్యండి అంటే, ఇంత గీతకి ఎక్స్‌రే ఏంటని నవ్వాడు. చలికి అందరికీ సలుపుతుందన్నాడు."

"ఆ సంగతి ఇంట్లో నాకు చెప్పలేదేమే?"

"మేనేజరు వద్దన్నాడు అక్కా. ఇంట్లో తలుపు గడియ గీరుకుందని చెప్పమన్నాడు. నేను అలా చెప్పనన్నా. సరే, చెప్పకు, కానీ మా ఫ్యాక్టరీలో ప్రమాదమేమీ జరగలేదు అన్నాడు. ఎవరినడిగినా అదే మాట. నా పక్క మిషన్ ఆవిడ కూడా అదే మాట. కొన్నాళ్లకి నాకే అనుమానమొచ్చింది, నిజంగానే ఏమీ జరగలేదేమోనని."

"గార్డమ్మా, ఆ మచ్చ మీద మళ్లీ ఒకసారి పెట్టండి. ఆ, అక్కడే."

"ఏంటి బాబాయ్, అలా చూస్తారేం?"

"తల్లీ, దొరకలేదన్న ముక్క ఎక్కడికీ పోలేదు. నీ దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ ఈ గేటు అదే చెప్తోంది. షట్టరు గోలలో దీని మాట ఎవరికీ వినపడలేదు."

"అయ్యో, అయ్యో... దాన్ని ఒంట్లో పెట్టుకునే రోజూ పనికొచ్చావటే. నేనేమో రోజూ దాని మీదే చెయ్యేసి..."

"ఏడవకండక్కా. మీరు గట్టిగా తడిమినా చేతికి తగిలేది కాదు."

"మెకానిక్ గారూ, మీ కాళ్లు పట్టుకుంటా. దీన్ని కాస్త తగ్గించలేరా? పెద్ద వస్తువులకే మోగేటట్టు? ఆయన ముందు ఈ పిల్ల గేటు మోగకుండా నడిచి వెళ్లిపోతే చాలు. దొంగన్న పేరు పోతుంది. రేపు మా అంతట మేమే ఎక్కడో చూపించుకుంటాం. ఆయనతో పెట్టుకుంటే ఇద్దరి కూడూ పోతుందండీ."

"తగ్గించొచ్చు. ఈ మర కొంచెం తిప్పితే చాలు, ఇంత చిన్న ముక్కకి మోగదు. ఏమంటావ్ అమ్మాయ్? నీ ఇష్టం. నేనెవరికీ చెప్పను."

"చెయ్యి తియ్యండి బాబాయ్."

"ఆలోచించుకో తల్లీ."

"ముందు దాని మీంచి చెయ్యి తియ్యండి. మధ్యాహ్నం నుంచీ దాని నోరు ముయ్యమని గొడవ చేసింది నేనే. నాకు బుద్ధి లేదు. డాక్టరు కాదన్నాడు, మేనేజరు లేదన్నాడు, పక్క మిషన్ ఆవిడ చూళ్లేదంది. ఈ ఫ్యాక్టరీ మొత్తం మీద జరిగింది జరిగినట్టు చెప్పింది ఇదొక్కటే. దీని నోరూ మూయిస్తే ఇంక నాకు ఎవరున్నారు?"

"ఉద్యోగం పోతుందే!"

"పోతే దొంగనని పోదు. అది చాలు నాకు."

"నీకు చాలు. మరి నాకు? సోదా చెయ్యలేదని నన్నూ తీసేస్తాడు. కెటిలు సంగతి తెలిస్తే ఇంకా త్వరగా తీసేస్తాడు."

"మీరేం మాట్లాడకండి. నా వెనక నిలబడక్కర్లేదు. నాకేం తెలీదు, మెకానిక్ చూశాడు అని చెప్పండి. నేనేమీ అనుకోను, నిజంగా."

"నేను చూసింది నిజం, చెప్పమంటే చెప్తా. నాకు మీ మేనేజరు జీతమివ్వడు. గార్డమ్మా, కళ్లు తుడుచుకోండి. షిఫ్టు గంట కొడుతున్నారు."

షిఫ్టు దిగిన ఆడవాళ్లు గది గుమ్మం దాకా వరసకట్టారు. వాళ్లను తోసుకుంటూ మేనేజరు ముందుకొచ్చాడు.

"జరగండమ్మా, జరగండి. ఎవరూ వెళ్లకండి, అందరూ ఉండి వినండి. రేపు ఇంకొకరు ఇలాంటి పని చెయ్యకుండా ఉంటారు. ఏమయ్యా మెకానిక్కూ, గేటు పాడైందా?"

"బాగైందండీ. ఇప్పుడు శుభ్రంగా పనిచేస్తోంది."

"అయితే తప్పు గేటుది కాదన్నమాట. అమ్మాయ్, నడు. అందరి ముందూ ఒకసారి నడు."

"ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు నడుస్తానండీ. ఇదిగో."

"మోగిందా! విన్నారుగా అందరూ? ఇదీ ఈవిడ నిజాయితీ. గార్డమ్మా, సోదా చేశావా?"

"అక్కని అడగకండి, నేను చెప్తా..."

"నువ్వుండవే. ఆయన అడిగింది నన్ను. చేశానండీ. నా చేతులతో నేనే చేశాను."

"అలా దారికి రా. సోదా అంటే ఎందుకు భయపడిందో ఇప్పుడు తెలిసిందా? దొరికిందా సరుకు?"

"సరుకు కాదండీ."

"నసక్కు. దొరికిందా లేదా? వెనకున్నవాళ్లకి కూడా వినపడేలా గట్టిగా చెప్పు."

"దొరికిందండీ. మన ఫ్యాక్టరీలో జరగనే లేదని మీరు చెప్పిన ప్రమాదం, మా చెల్లి భుజంలో దొరికింది."